అమీర్‌పేట నుంచి ఓ కాలర్

పోయిన వారం మనం డాక్టర్ రవికాంత్‌ని పంజాగుట్టలో టీవీ వాళ్ళ మేకప్ కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు తెల్లగుడ్డ చుట్టి వదిలేసి వచ్చాం. పాపం, వారం నుంచీ ఆ గుడ్డతోనే ఉన్నాడు. ఇక లేపుదాం.

మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఊరంతా స్వైన్ ఫ్లూ పేరు చెబితే ఉలిక్కిపడుతున్న ఆ ఆగస్టులో, రోజూ సాయంత్రం ఏడు గంటల చర్చలో కూర్చుని "ఇది మామూలు జలుబు జ్వరమే, భయపడకండి" అని చెప్పి పేరు తెచ్చుకున్నవాడు మన రవికాంత్. ఛానల్ వాళ్ళు 'ధైర్యం డాక్టర్' అని బిరుదు కూడా తగిలించారు. పంజాగుట్టలోనే సందు చివర ఉన్న అతని క్లినిక్ ముందు "ఇక్కడ మాస్కులతో పనిలేదు" అని బోర్డు వెలిసింది. ఎవరైనా మాస్కుతో వస్తే అది తీయించి గాని లోపలికి పిలిచేవాడు కాదు.

మొన్నటికి మొన్న యూసుఫ్‌గూడ నుంచి ఒక దర్జీ, కడుపుతో ఉన్న కూతుర్ని తీసుకొచ్చాడు. జ్వరం. ఆ అమ్మాయి ముఖానికి జాకెట్ లైనింగు గుడ్డతో తండ్రి కుట్టిన మాస్కు ఉంది. "మాస్కులు అమ్ముకోవడానికి కూతుర్నే షోకేసు బొమ్మని చేశావా పెద్దాయనా?" అన్నాడు రవికాంత్. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. దర్జీ కూడా నవ్వాడు. మాస్కు విప్పించి మడిచి జేబులో పెట్టుకున్నాడు. జ్వరం బిళ్ళలు రాసి ఇద్దర్నీ ఇంటికి పంపేశాడు డాక్టరు. ఆ సంగతి ఆ రోజే మరిచిపోయాడు కూడా.

ఇక ఇంటి సంగతి. రవికాంత్ భార్య సుమశ్రీకి ఏడో నెల. ఇల్లున్న అమీర్‌పేటలోనే, మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్‌లో జావా పాఠాలు చెబుతుంది. కిటికీల్లేని ఏసీ హాలు, మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చున్న పిల్లలు, అందులో సగం మంది దగ్గుతూ. "నేనూ ఒక మాస్కు పెట్టుకోనా?" అని అడిగింది. "నువ్వు పెట్టుకుంటే రేపు నా మాట ఎవడు వింటాడు?" అన్నాడు మొగుడు. పెట్టుకోలేదు. ఇప్పుడు ఆమెకి జ్వరం. మధ్యాహ్నానికి తగ్గినట్టే తగ్గింది. సాయంత్రం రవికాంత్ మేకప్ కుర్చీలో ఉండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "మళ్ళీ వచ్చింది. ఆయాసంగా ఉంది." సమాధానం రాయబోతుంటే, స్టూడియో రూలు ప్రకారం ఫోన్ ఆఫ్ చేయించి పట్టుకుపోయారు. అక్కడ ఆపాం.

ఇక చదవండి.

స్టూడియో అంటే ఏదో ఇంద్రభవనం అనుకుంటారు చూసేవాళ్ళు. మూడు పక్కలా నల్లగుడ్డ, ముందు మూడు కెమెరాలు, ఎముకలు కొరికే ఏసీ. ఎర్ర బల్బు వెలిగిందంటే తలుపు తీయడానికి లేదు. చొక్కా లోంచి వైరు లాగి గుండీ దగ్గర మైకు గుచ్చి, దాని రెండో కొసని కుర్చీకి కట్టారు. రవికాంత్ సర్దుకుని కూర్చోబోతే ప్యాంటు జేబులో తాళంచెవులు గలగలమన్నాయి. క్లినిక్ షట్టర్ తాళాలు. రోజూ తనే దించి, తనే వేసుకుని వస్తాడు.

"సార్, ఆ చప్పుడు మైకులో పడుతోంది. కదలకండి" అన్నాడు యాంకర్ కేదార్, అద్దంలో జుట్టు చూసుకుంటూ.

కదలకుండా కూర్చున్నాడు. లేచి వెళ్ళిపోవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. అతనికి అతను చెప్పుకున్న సమాధానాలు ఇవి: ఊళ్ళో ఇప్పుడు ఎవరికి జ్వరం లేదు గనక. గంటలో ఇంట్లో ఉంటాను. అమ్మ పక్కనే ఉంది. ఇవన్నీ పై పై మాటలు. లోపలి మాట వేరే. ధైర్యం డాక్టరు తన పెళ్ళాం జ్వరానికి భయపడి చర్చ మధ్యలో పరిగెత్తాడని తెలిస్తే, ఇన్నాళ్ళూ అతని మాట నమ్మి ఇంట్లో కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి రోడ్డు మీద పడతారు. వెళ్ళకపోతే ఇంట్లో ఆయాసపడుతున్న ఆ మనిషి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎర్ర బల్బు వెలిగింది.

"స్వైన్ ఫ్లూ. ముప్పా, లేక మీడియా గోలా?" అని మొదలుపెట్టాడు కేదార్. ఆ గోల చేస్తున్నవాళ్ళలో తనూ ఉన్నాడన్న స్పృహ అతనికి ఉన్నట్టు లేదు.

ఎదురు కుర్చీలో డాక్టర్ రాజనర్సయ్య. ప్రభుత్వ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల జబ్బులు చూసి చూసి రిటైరయిన మనిషి. ఛానల్ లెక్క ప్రకారం ఆయన 'భయం' వైపు. కుర్రతనంలో రవికాంత్ స్టెతస్కోపు ఎక్కడ ఆనించాలో నేర్చుకున్నది ఆయన దగ్గరే. కెమెరా ముందు కత్తులు దూసుకోవడం, తర్వాత కింద ఇరానీ హోటల్లో ఒకే టేబుల్ దగ్గర చాయ్ తాగడం ఇద్దరికీ అలవాటైపోయింది.

"నేను ఎవల్నీ భయపడమంటలేను" అన్నాడు రాజనర్సయ్య. "నూటికి తొంభైతొమ్మిది మందికి ఏం గాదు, ఒప్పుకుంట. కానీ కడుపుతోని ఉన్న ఆడపిల్లలకు గిది మామూలు జ్వరం గాదు. ఊపిరి మీదికొస్తది. మందు మొదట్లనే పడాలె. గా ఒక్కరు ఎవలింట్ల ఉన్నరో, వాళ్ళకు మిగిలిన తొంభైతొమ్మిది ముచ్చట చెప్తే ఏం లాభం?"

రోజూ అయితే రవికాంత్ ఇక్కడ చిరునవ్వు నవ్వేవాడు. ఇవాళ పెదవులు సాగలేదు. కానీ నాలుక ఉంది కదా, దానికి దారి తెలుసు.

"సార్, మన రోడ్ల మీద రోజూ ఎంతమంది పోతున్నారు? టీబీతో ఎంతమంది పోతున్నారు? వాళ్ళ కోసం ఎవరైనా చర్చ పెట్టారా? మందు ప్రభుత్వ ఆసుపత్రిలో తప్ప దొరకదు. జనమంతా అక్కడికి పరిగెడితే జబ్బు లేనివాడికి ఆ క్యూలోనే అంటుకుంటుంది. ఇంట్లో ఉండండి, నీళ్ళు తాగండి, పడుకోండి. నేను చెప్పేది అంతే."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అసలు చిక్కు అదే. పచ్చి అబద్ధమైతే ఎప్పుడో ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. చాలామందికి నిజమైన మాటని అందరికీ చెప్పాడు, అదీ నవ్వుతూ చెప్పాడు. పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. అతని మాట పృథ్వి అంతా తిరిగి, ఆ సాయంత్రం అతని సొంత ఇంటి సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

బ్రేక్ ఇచ్చారు. రవికాంత్ వెంటనే కేదార్ వైపు వంగాడు. "నా ఫోన్ ఒక్క నిమిషం ఇప్పించండి."

"ప్రకటనలు అయిపోవస్తున్నాయి సార్. ఫోన్లన్నీ కింద లాకర్‌లో ఉంటాయి. ఇప్పుడు పంపితే మనిషి తిరిగి రాడు" అన్నాడు కేదార్, చాలా మర్యాదగా.

రాజనర్సయ్య చూస్తున్నాడు. "ముఖం ఏంది గట్లున్నది రవీ?"

చెప్పేద్దామని నోరు తెరిచాడు. గుండీ దగ్గర మైకు కనిపించింది. అది బ్రేకులోనూ పనిచేస్తూనే ఉంటుంది. పైన గాజు గదిలో కూర్చున్నవాళ్ళకి గుటక వేసినా వినిపిస్తుంది. తెరిచిన నోటితో వేరే మాట అన్నాడు.

"ఒక పేషెంటు సార్. ఏడో నెల. జ్వరం తగ్గి మళ్ళీ వచ్చింది."

"ఆయాసం ఉన్నదా?"

"ఉంది."

"ఎవలు గామె?"

"చెప్పాను కదా. పేషెంటు."

ముసలాయన అతని నుదుటి వైపు చూశాడు. అంత చలిలో మేకప్ కరిగి కనుబొమల మీదికి దిగుతోంది. "నిన్ను చిన్నప్పటి సంది చూస్తున్న. పేషెంట్ల కోసం నీకు ఇంత చెమట ఎన్నడూ పట్టలే" అన్నాడు నెమ్మదిగా. "ఎవలైనా సరే, జల్ది పంపియ్. నేను వార్డుకు ఫోన్ చేసి చెప్త. తెల్లారేదాంక ఆగకు, ఇన్నవా?"

ఎర్ర బల్బు మళ్ళీ వెలిగింది. ఇక ఫోన్ల వంతు.

మొదటి ఫోన్ కృష్ణానగర్ నుంచి, సినిమాల్లో చిన్న వేషాలు వేసే ఒకాయన. "కర్పూరం, ఏలక్కాయలు గుడ్డల కట్టి మెడకేసుకున్న సార్. షూటింగ్ కాడ అందరూ నవ్వుతుండ్రు. ఉంచుకోవాల్నా, తీసెయ్యాల్నా?"

"వాసన బాగుంటే ఉంచుకోండి" అన్నాడు రవికాంత్. కేదార్ విరగబడి నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే రెండో ఫోన్ కలిసింది.

"హలో. అమీర్‌పేట నుంచి మాట్లాడుతున్నానండి."

అంతే. ఆ గొంతు వినగానే రవికాంత్ చేతులు కుర్చీ పిడిని పట్టుకున్నాయి. పెళ్ళయిన దగ్గర్నుంచి పొద్దున లేవగానే వినే గొంతు. ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది.

"చెప్పండమ్మా, మీ పేరు?" అన్నాడు కేదార్.

"పేరెందుకులెండి. డాక్టరు గారితో మాట్లాడాలి."

గారు అంది. ఇంట్లో ఎప్పుడూ 'రవీ' అని తప్ప మరో మాట ఎరగని మనిషి, ఊరందరి ముందూ గారు అంది. అతనికి చెంప మీద కొట్టినట్టయింది.

ఆమె వెనక ఎక్కడో ఒక మగ గొంతు గట్టిగా వినిపిస్తోంది. "...వాసన బాగుంటే ఉంచుకోండి." స్టూడియోలో మాట ఇళ్ళలో టీవీకి చేరడానికి కొంచెం ఆలస్యమవుతుంది. తన ఇంటి హాల్లోంచి తన గొంతే తిరిగి వస్తోంది.

"అమ్మా, మీ టీవీ వాల్యూమ్ తగ్గించండి" అన్నాడు కేదార్ అలవాటుగా.

"అది నా చేతిలో లేదండి. మా అత్తగారు చూస్తున్నారు. డాక్టరు గారి చర్చ ఒక్క ముక్క కూడా వదలరు." ఆగింది. దగ్గింది. "నాకు ఏడో నెలండి. జ్వరం తగ్గి మళ్ళీ వచ్చింది. పడుకుంటే ఊపిరాడడం లేదు, కూర్చున్నాను. ఆసుపత్రికి వెళ్తానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. వెళ్తేనే అంటుకుంటుందని డాక్టరు గారు చెప్పారు కదా అన్నారు. ఆటో పిలుచుకుని నేనే వెళ్ళబోతే, తలుపుకి తాళం వేసి చెవి కొంగున కట్టుకున్నారు. చెడ్డ మనిషి కాదండి. ఇందాకటి నుంచి నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూనే ఉన్నారు. భయం ఆవిడకి. అంబులెన్సు పిలుద్దామన్నా, వచ్చినవాళ్ళకి తలుపు తియ్యాలి కదా."

కేదార్ ముఖం వెలిగిపోయింది. ఇలాంటి ఫోన్ కోసం యాంకర్లు మొక్కుకుంటారు. "మీవారు ఎక్కడున్నారమ్మా?"

"పనిలో ఉన్నారండి. ఫోన్ ఆఫ్ చేసి ఉంది." మళ్ళీ ఆగింది. "ఆయనకి కోపం రాకూడదనే ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు. మాస్కు వద్దన్నారు, మానేశాను. ఇప్పుడు నా ఒక్కదాని సంగతి కాదు కదండీ. డాక్టరు గారూ, ఒక్కటే అడుగుతాను. నేను ఆసుపత్రికి వెళ్ళాలా, ఇంట్లోనే ఉండాలా? మా అత్తగారు మీ మాట తప్ప ఎవరి మాటా వినరు."

రాజనర్సయ్య మాట్లాడబోయి ఆగిపోయాడు. రవికాంత్ ముఖం చూశాడు, ఆయనకి అర్థమైంది. తల వంచి ముందున్న మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపాడు.

ఎదురుగా గాజు కన్నులాంటి కెమెరా. దాని వెనక ఎన్ని ఇళ్ళో, ఎన్ని సోఫాలో. సిగ్గేసింది అతనికి. తర్వాత భయమేసింది. ఆ భయం ముందు సిగ్గు నిలబడలేదు.

"వెళ్ళండి" అన్నాడు. "వెంటనే వెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళండి. ముఖానికి గుడ్డ కట్టుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది మామూలు జ్వరం కాదు. నేను... నేను చెప్పింది మీకు వర్తించదు."

ఫోన్‌లో సుమశ్రీ ఊపిరి వినిపిస్తోంది. కొంచెం ఆలస్యంగా, ఆమె వెనక హాల్లోంచి అతని గొంతే మళ్ళీ అంది: "వెళ్ళండి. వెంటనే వెళ్ళండి." ఆ మాటలు అయ్యేదాకా అందరూ విన్నారు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పుల్లేని అడుగులు, ఇంకో ఆడ గొంతు దగ్గరవుతూ.

"ఇదేంటే సుమా, ఇందాకటి నుంచీ టీవీలో నీ గొంతులా ఉందే అనుకుంటున్నా, నువ్వేనా? ఎవరితో మాట్లాడుతున్నావు? ఇలా ఇవ్వు." ఫోన్ చేతులు మారింది. అత్తగారు జానకీదేవి గారికి ఫోన్‌లో గట్టిగా మాట్లాడితే తప్ప అవతలివాళ్ళకి వినిపించదని నమ్మకం. "ఒరే రవీ, నిజంగా నువ్వేనా మాట్లాడింది?"

అప్పటికింకా రెండుగా విడిపోని అంత పెద్ద రాష్ట్రం విన్నది ఆ పిలుపు. కేదార్ పెన్ను కింద పడింది. తీసుకోలేదు.

"నేనేనమ్మా" అన్నాడు రవికాంత్. "తాళం తియ్యమ్మా."

"తీస్తాను నాన్నా, తీస్తాను. నువ్వు చెప్తే తియ్యనా? కానీ నిన్నటిదాకా వద్దన్నావు కదరా. నీ మాట మీదే కదా దీన్ని ఆపాను. మరి మిగతావాళ్ళందరికీ చెప్పింది ఏంట్రా?"

ఆవిడ సమాధానం కోసం ఆగలేదు. కొంగు ముడి విప్పుకుంటూ ఏదో గొణుక్కుంది, ఫోన్ మంచం మీద పడేసింది, దూరంగా తాళం తీసిన చప్పుడు. అంతలో లైను తెగింది.

రాజనర్సయ్య లేచి నిలబడ్డాడు. మైకు పీకి కుర్చీలో పెట్టాడు. "వార్డుకు నేను ఫోన్ చేస్త. నువ్వు నడువ్ రవీ. ఇంటికాడికి ఉరుకు" అన్నాడు. కెమెరాలు తిరుగుతున్నాయన్న ధ్యాస ఆయనకి లేదు.

రవికాంత్ వైరు తెంపుకున్నంత పని చేశాడు. కేదార్ చెవిలో పైనుంచి ఎవరో అరుస్తున్నట్టున్నారు, బల్బు ఆర్పలేదు, ఆర్పనివ్వలేదు. "సార్, ఒక్క నిమిషం, ప్రేక్షకులకి ఏం చెప్తారు?" అంటూ అతను వెనకే వస్తున్నాడు. రవికాంత్ తలుపు దగ్గరికి చేరాడు. మెట్లు దిగి కుడికి తిరిగితే అమీర్‌పేట, ఇల్లు. ఫ్లైఓవర్ మీద ఎంత రద్దీ ఉన్నా నడిచయినా చేరతాడు. సుమ చెయ్యి పట్టుకుని అంబులెన్సులో తనే కూర్చుంటాడు. అప్పుడు చెప్పుకుంటాడు ఏం చెప్పుకోవాలో. పిడి మీద చెయ్యి వేశాడు.

వెనక స్పీకర్‌లో మరో ఫోన్ కలిసింది. ఎవరూ కలపమనలేదు, వరసలో ఉన్నది వచ్చి పడింది.

"హలో. సార్ ఉన్నడా, పోయిండా?"

మగ గొంతు. వెనక బండ్ల హారన్లు.

"నేను సిద్ధిరాములును సార్. యూసుఫ్‌గూడల టైలర్‌ను. మొన్న మాస్కు తీయించిండ్రు గదా, గా పిల్ల నాయిన్ను."

రవికాంత్ చెయ్యి పిడి మీదే ఉండిపోయింది.

"మీరు ఇంట్ల ఉండుమన్నరు, ఉన్నం సార్. మా పూజకు ఊపిరి ఆడుతలేదు. మీ ఇంటామె చెప్పింది ఇన్న ఇప్పుడే, ఈడ మీ సందుల దుకాణంల టీవీ మీద. మా బిడ్డకు సుత అదే తీరు. పెదవులు నీలంగ అయితున్నయి. ఆటోల ఏసుకొని మీ క్లినిక్ కాడికొచ్చినం. లోపట ఆక్సిజన్ ఉంటదని పక్కోళ్ళు చెప్పిండ్రు." ఆ మనిషి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మీ బోర్డు కిందనే కూసోబెట్టిన సార్. షట్టర్‌కు తాళమున్నది. జర మీరొచ్చి తియ్యాలె."

మెట్లు దిగితే కుడివైపు ఇల్లు, ఎడమవైపు సందు చివర క్లినిక్. రవికాంత్ జేబులో తాళంచెవులు గలగలమన్నాయి. ఈసారి కదలకండని ఎవరూ అనలేదు.